ఒక్కటైనా అచ్చేస్తం

3 జనవరి 1994

నల్లగొండ చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగిన దినం. సువర్ణ రంగు డబ్బా ఇంకా కొనలేదు కాబట్టి ప్రస్తుతానికి బాల్‌పెన్నుతో లిఖిస్తున్నాను.

ఈ ఉదయం గడియారం సెంటర్ వెనక సందులో, అజీజా బేగం గారి మల్గి గదిలో, పానగల్ వాస్తవ్యుడు, బి.కాం. పట్టభద్రుడు, చిరంజీవి సైదులు స్క్రీన్ ప్రింటింగ్ దుకాణం తెరిచాడు. కొబ్బరికాయ నేనే కొట్టాను. చప్పట్లూ నేనే కొట్టాను. చిప్పలో కొబ్బరి కూడా నేనే తిన్నాను. ముఖ్య అతిథి రాలేదు. ముఖ్య అతిథి అంటే మా బాపు భిక్షపతి. మగ్గం మీద పోగు తెగిందట. మా బాపు మగ్గం మీద పోగులకు ఎప్పుడు తెగాలో బాగా తెలుసు.

బోర్డు నేనే రాసుకున్నాను: ఒక్కటైనా అచ్చేస్తం.

పక్క ఫొటో స్టూడియో ఆయన చదివి, "గట్ల కాదు తమ్మీ, అచ్చువేయబడును అని రాయాలె. అది పద్ధతి" అన్నాడు. అచ్చువేయబడును అని రాసుకున్న పెద్ద ప్రెస్సుకు పోయి ఒక సంచి మీద ఒక పేరు వేయమని అడగండి. వందకు తక్కువైతే మిషన్ తిరగదంటారు. లోకంలో వంద కావలసినవాళ్లకంటే ఒక్కటి కావలసినవాళ్లే ఎక్కువమంది. ఇదీ నా సిద్ధాంతం.

రేపు నా జీవిత చరిత్ర రాయబోయే పండితుల కోసం కొంచెం వివరిస్తాను. నా ఫ్యాక్టరీ అంటే ఒక చెక్క చట్రం, దానికి బిగించిన జాలీ బట్ట, రంగు డబ్బాలు, రంగును లాగడానికి ఒక రబ్బరు పలక. పేరును కాగితంలో బ్లేడుతో కోసి చట్రం కింద పెట్టాలి. పైనుంచి రంగు లాగితే కోసిన మేరకే కిందికి దిగుతుంది. కరెంటుతో పని లేదు. మన కరెంటు సంగతి తెలిసే ఈ విద్య ఎంచుకున్నాను. హైదరాబాదులో ఒక ఉస్తాదు దగ్గర నేర్చుకున్నాను.

ఒప్పందం కూడా ఆ పండితుల కోసమే రాస్తున్నాను. దసరాకు భీవండి నుంచి మా అక్క మొగుడు రాములు బావ వచ్చాడు. అక్కడి పవర్‌లూమ్ సేఠ్ దగ్గర నా కోసం గుమాస్తా కొలువు చూశాడట. "కుర్సీ ఉన్నది, మీద ఫ్యాన్ ఉన్నది. ఇంకేం గావాలె బామ్మర్దీ? ఇంద్రుడు గూడ గంతకంటె ఎక్వ ఏం పీకుతుండు?" అన్నాడు. బాపు అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి "ఉగాది దాక సూద్దాం" అన్నాడు. ఉగాదికి బావ మళ్లీ వస్తాడు. అప్పటికి దుకాణం తన కాళ్ల మీద నిలబడితే నేనిక్కడే. లేకపోతే భీవండి, ఫ్యాన్ కింద ఇంద్ర పదవి.

నాకు భయం లేదు.

5 జనవరి

దుకాణం తెరిచాను. దుకాణం మూశాను.

6 జనవరి

నిన్నటిలాగే. మధ్యలో ఒక మేక వచ్చింది. బోర్డు చదివి వెళ్లిపోయింది.

11 జనవరి

మొదటి గిరాకీ! అజీజా బేగం గారు. ఈ సందులో మల్గీలన్నీ ఆమెవే. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆ వెలితిని ఆమె పాన్‌దానుతోనూ కిరాయిదారులను తిట్టడంతోనూ పూడ్చుకుంటోంది.

"ఏం బేటా, ఒక్కటైనా అచ్చేస్తమని రాసినవ్ గదా. నిజమేనా, ఊకెనే రాసినవా?"

"హుకుం చెయ్యండి బేగమమ్మా."

"మల్గి పక్క గోడకు రేకు గావాలె. గీడ మూత్రం పోయరాదు అని రాయాలె. తెలుగుల ఒక్కసారి, ఉర్దూల ఒక్కసారి."

"రెండింట్ల ఎందుకమ్మా?"

"తెలుగు జదివెటోళ్లు పోసిపోతున్రు, ఉర్దూ జదివెటోళ్లు పోసిపోతున్రు. నేనైతే ఎవ్వల పక్షం తియ్య."

కళా ప్రపంచంలోకి నా తొలి అడుగు ఎలాంటి స్థలంలో పడిందో పండితులు గమనించగలరు. ఉర్దూ ఆమే కాగితం మీద రాసి ఇచ్చింది. నేను బ్లేడు పట్టినంతసేపూ పక్కనే కూర్చుని, వంకర పోయినప్పుడల్లా "హాయ్ అల్లా" అంది. ఎర్ర రంగు. బ్రహ్మాండంగా వచ్చింది.

13 జనవరి

నిన్న రేకు బిగించాం. ఇవాళ ఒక పెద్దమనిషి, చేతిలో పేపరు, కళ్లకు జోడు, రేకు ముందు నిలబడి రెండు భాషల్లోనూ శ్రద్ధగా చదివి, సరిగ్గా దాని కిందే కానిచ్చాడు. బేగమమ్మ చెప్పు విసిరింది. చదువుకున్నవాడే ఇలా చేశాడని ఆమె బాధ. అంత దూరం నుంచి కూడా అక్షరాలు స్పష్టంగా కనబడ్డాయని నా తృప్తి.

22 జనవరి

ఒక లారీ డ్రైవరు సీటు గుడ్డ మీద కూతురి పేరు. ఒక హోటలు గల్లాపెట్టె మీద 'స్నేహం వేరు, చాయ్ వేరు'. ఒక భజన బృందం వాళ్ల తబలా సంచి. వచ్చినవాళ్లందరూ ఒక్కటి అచ్చేయించుకుని, ఇంకెక్కడా ఇలా ఒక్కటి వేయరని మెచ్చుకుని వెళ్లిపోతున్నారు. మళ్లీ రావడం లేదు. ఒక్కటే కావాలి మరి. నా సిద్ధాంతంలో ఈ చిన్న చిల్లు ఉన్నట్టు ఇవాళే గమనించాను. పండితులకు చెప్పను.

నాకు భయం లేదు. ఇది రెండోసారి రాస్తున్నాను కాబట్టి నిజమే అయి ఉండాలి.

30 జనవరి

కట్టంగూర్ నుంచి వెంకటనర్సు గారని పెద్ద రైతు వచ్చాడు. మల్గిలోకి సగమే పట్టాడు.

"నడిపి బిడ్డ పెండ్లి పిలగా. చుట్టాలకు తువ్వాలలు పెట్టాలె. ఎవల తువ్వాల మీద వాళ్ల పేరు ఉండాలె. ఒక్కదాని లెక్క ఇంకొకటి ఉండది. పెద్ద ప్రెస్సుకు పోతే పిచ్చోన్ని జూసినట్టు జూసిన్రు."

నేను కూడా అలాగే చూశాను. కాని ప్రేమతో చూశాను.

"పేర్లెందుకు పెద్దనాయినా?"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. స్టూలు ఏదో అంది. "పెద్ద బిడ్డ పెండ్లిల తువ్వాలలు తారుమారైనయి. పెద్దంచుది పోయి చిన్న బామ్మర్దికి వడ్డది, సన్నంచుది పోయి మా జానయ్య బావకు వడ్డది. గంతే. మా బావ మూడేండ్లు మా ఇంట్ల మంచినీళ్లు ముట్టలె. పేరుంటె తారుమారు కాదు గద?"

"కాదు."

"ఒక్క మాట. గంజి కరకరలాడాలె. తడి తగిలిన బట్ట పెడితిమా, పాతయి పెట్టిన్రని వియ్యాలోళ్లు పందిట్లనే లేస్తరు."

తువ్వాలలు కూడా నేనే తెప్పిస్తానని చెప్పాను. ఎక్కడివని అడిగాడు. పానగల్‌లో భిక్షపతి అనే ప్రముఖ నేతకారుడు ఉన్నాడని, కొంచెం కోపిష్టి అని, నాకు దగ్గరి పరిచయమని చెప్పాను.

31 జనవరి

బాపుకు చెప్పాను. అటక మీద నుంచి రెండో మగ్గం సామాను దించాడు. తాత పోయినప్పటి నుంచి అది అటక మీదే ఉంది. అమ్మ కండెలు చుట్టడానికి కూర్చుంది. ఇంట్లో రెండు మగ్గాల చప్పుడు విని ఎన్నాళ్లయిందో. చప్పుడు బాగుంది అని మాత్రం రాస్తున్నాను. ఇంకేమీ రాయను.

8 ఫిబ్రవరి

మొదటి తువ్వాల దిగింది. తెల్లది, నిండు ఎర్రంచు. నిలబెడితే నిలబడేంత గంజి.

నేను ఒక మాట అన్నాను: "కొత్త బట్టను ఉతికి, గంజి దింపి, ఆరబెట్టినంకనే అచ్చెయ్యాలని మా ఉస్తాదు జెప్పిండు బాపూ."

బాపు దెబ్బ తగిలినట్టు చూశాడు. "మీ ఉస్తాదుది ఏ ఊరు?"

"హైదరాబాదు."

"ఎన్నడన్న నేసిండా?"

"లేదు."

"గంజి దింపితె దాన్ని తువ్వాల అనరు, పేలిక అంటరు. గీ ఇంట్ల కొత్త బట్టకు నీళ్లు తగులలె, తగులయి. కొన్నోడు తడుపుకుంటడు. నేసినోడు తడుపడు. మీ తాత గదే జెప్పిండు, ఆయన తాత గదే జెప్పిండు."

నేనేమీ బలవంతాన ఒప్పుకోలేదు. ఉస్తాదు మిల్లు బనీన్ల మీద అచ్చేసే మనిషి. సాలోళ్ల ఇంట్లో పుట్టి, గంజి వాసనలో పెరిగి, గంజి గురించి ఒక బనీన్ల మనిషి దగ్గర నేర్చుకోవాలా? కోపం కూడా వచ్చింది. పరీక్షకు ఒక అక్షరం లాగి చూశాం. గంజి బట్ట మీద రంగు అటూ ఇటూ పాకలేదు. అద్దం మీద గీసినట్టు నిలబడింది. మిల్లు బట్ట మీద ఎన్నడూ అంత సొంపుగా రాలేదు.

"సూసినవా?" అన్నాడు బాపు.

చూశాను. ఇద్దరం చాలాసేపు చూశాం.

16 ఫిబ్రవరి

వెంకటనర్సు గారి సవరణలు. జానయ్య బావ పేరు మిగతావాళ్లకంటే పెద్దగా ఉండాలి. కాని వియ్యంకుడి పేరుకంటే చిన్నగా ఉండాలి. అయితే ఆ సంగతి జానయ్య బావకు తెలియకూడదు.

"దగ్గరికెంచి సూస్తె బావది పెద్దగ కొట్టాలె, దూరంకెంచి సూస్తె వియ్యంకునిది పెద్దగ కొట్టాలె. సదువుకున్నోనివి గదా, ఏదో ఒకటి జెయ్."

బి.కాం.లో ఈ పాఠం లేదు. జానయ్య అక్షరాలు లావుగా, వియ్యంకుడి అక్షరాలు పొడుగ్గా కోశాను. ఇద్దరూ పక్కపక్కన నిలబడకుండా చూడమని దేవుణ్ని కోరుకున్నాను.

21 ఫిబ్రవరి

తువ్వాలల మూట ఇవ్వడానికి బాపు వచ్చాడు. లోపలికి రాలేదు. సందులో నిలబడి బోర్డు చదివాడు.

"అచ్చేస్తం అంటె? ఎవలెవలం?"

"నేను. నువ్వు."

"ఊఁ" అని వెళ్లిపోయాడు. మూట పట్టుకుని పది అడుగులు వెనక నడిచాను, ఊరికే.

28 ఫిబ్రవరి

నిన్న కట్టంగూర్ పెళ్లి. అచ్చు వేసినవాడి హోదాలో నేనూ విస్తరి ముందు కూర్చున్నాను. పేరు పిలిచి ఒక్కొక్కరి భుజం మీద తువ్వాల కప్పుతుంటే పందిరి పందిరంతా మెడలు వంచి ఎవరి పేరు వాళ్లు చదువుకుంది. చదువు రానివాళ్లు పక్కవాళ్లతో చదివించుకున్నారు. జానయ్య గారు హుజూర్‌నగర్ దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. మీసాలున్న బక్క మనిషి. పేరు వీపు మీదికి వచ్చేలా కప్పుకుని, ఎవరైనా చదువుతున్నారా అని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. మూడేళ్ల తర్వాత ఆ ఇంట్లో మంచినీళ్లు తాగాడు. వెంకటనర్సు గారి కళ్లలో నీళ్లు నేనే చూశాను.

ముగ్గురు నా దుకాణం ఎక్కడని అడిగారు. బావకు ఉత్తరం రాయాలనిపించింది: ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టమని. రాయలేదు. గొప్పవాళ్లు తొందరపడరు.

9 మార్చి

రాసేందుకు ఏమీ లేదు.

10 మార్చి

నిన్న రాసేందుకు ఏమీ లేదని రాశాను. అబద్ధం.

నిన్న మిట్టమధ్యాహ్నం వెంకటనర్సు గారు వచ్చాడు. వెనక జానయ్య గారు. ఆయన చేతిలో తువ్వాల. తెల్లది, నిండు ఎర్రంచు. మధ్యలో ఏమీ లేదు.

"సదువు" అన్నాడు జానయ్య గారు.

నేను నిలబడ్డాను.

"సదువు పోరగా, అచ్చేసినోనివి. మొన్న నా పేరుండె. నిన్న మా ఆడోళ్లు ఉతికిన్రు. ఇయ్యాల నేను లేను."

"జానయ్య బావా, జర..." అన్నాడు వెంకటనర్సు గారు.

"నువ్వుండు. మూడేండ్ల కింద సన్నంచు పెట్టినవ్. సరే, పొరపాటంటివి. గిప్పుడు మంది ముంగట పేరు పెట్టినట్టె పెట్టి, ఇంటికి వొయినంక కడిగేసుకుంటివి. గిది గూడ పొరపాటేనా?"

ఆయన ఒక్కడిదే కాదు. ఉతికిన ప్రతి ఇంట్లోనూ పోయింది. గంజితో పాటు రంగూ దిగిపోయింది. వియ్యంకుడి పేరు సగం పోయిందట, అది ఇంకా అన్యాయం. పేరు చెరిగిపోవడం మంచి శకునం కాదని పెళ్లికొడుకు మేనత్త ఏడ్చిందట.

నాకు నోరు ఉందని కాలేజీలో అందరూ అనేవారు. నిన్న దాన్ని వెతుక్కోవలసి వచ్చింది. దొరికాక అన్నాను: "అన్ని తువ్వాలలు తెప్పియ్యి పెద్దనాయినా. మల్ల అచ్చేసిస్త."

వెంకటనర్సు గారు తల కొట్టుకున్నాడు. "పెట్టిన బట్టలు వాపసడుగుతరార? బట్టలడిగితె పిల్లనడిగినట్టె. ఎవలింటికి వొయ్యి అడుగాలె నేను?"

అది నిజం. కాలు దువ్వే చుట్టాల దగ్గర పెట్టిన బట్ట తిరిగి అడగడమా!

సందు వాకిట్లో బేగమమ్మ నిలబడి ఉంది. రంజాన్ రోజాల నెల. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా లేవు ఆమెకు. "గట్టిగ మాట్లాడకున్రి. నేను రోజాల ఉన్న, నాతోని తిట్టియ్యకున్రి" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేం జేస్తవో గా ముక్క జెప్పు వాళ్లకు" అంది.

అప్పుడు నా నోరు నన్నడగకుండానే అంది: "తువ్వాలలు రాకపోతె దుకాణమే వస్తది. ఎవల ఇంటికి వాళ్ల ఇంటికే వొచ్చి, మీ కండ్ల ముంగటనే అచ్చేస్త."

జానయ్య గారు మీసం దువ్వాడు. "మొదలు మా ఇంటికి రా. అచ్చెయ్యి. మా ఆడోళ్లు ఉతుకుతరు. ఉంటె ఉన్నవ్."

"లేకుంటె?"

"లేకుంటె గా బోర్డు నేనే పీకుత" అన్నాడు వెంకటనర్సు గారు. అంత మెల్లగా ఆయన మాట్లాడడం అదే మొదటిసారి.

11 మార్చి

ఇంట్లో చెప్పాను. బాపు ఇంట్లో మిగిలిన కొత్త తువ్వాల అంచు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. "గంజి" అన్నాడు. ఒక్కటే మాట. తువ్వాల మడతపెట్టి, "మీ ఉస్తాదు పేరేందన్నవ్?" అని అడిగాడు. చెప్పాను. పేరును రెండుసార్లు అనుకుని, తినకుండానే పడుకున్నాడు.

రెండు మగ్గాలూ ఆగాయి.

12 మార్చి

బస్టాండుకు ఊరికే వెళ్లాను. భీవండికి పోయే బొంబాయి బస్సు ఎన్నింటికో ఊరికే చూశాను. దాంట్లో కిటికీ సీట్లు ఎటువైపు ఎక్కువో కూడా ఊరికే చూశాను.

13 మార్చి

నాకు భయం

15 మార్చి

నిన్న రంజాన్. బేగమమ్మ షీర్ ఖుర్మా గిన్నె పంపింది. గిన్నె కింద ఒక దిండు గలీబు ఉంది. "దీని మీద నా పేరెయ్యి. ఉతికే పంపిన" అని కబురు. మనిషిని వెక్కిరించడానికి పండుగరోజు కూడా తీరిక చేసుకుంటుంది. కాని ఆ గలీబు చూస్తుంటే నాకు కోపం వచ్చింది. మంచి కోపం. ఒక్కటైనా అచ్చేస్తం అని నేనే రాశాను. వంద పోతే పోయాయి. ఒక్కటొక్కటిగా కొట్టుకురావడానికి నాకేం రోగం? పేరు వేశాను. ఇస్త్రీ చేశాను. బకెట్లో ముంచి నా పాపాలు కడిగినట్టు రుద్దాను. నిలిచింది!

17 మార్చి

ఇంట్లో ఇంకో పరీక్ష, మన తువ్వాల మీద. పెళ్లిలో మిగిలిన ఒకే ఒక్క కొత్త తువ్వాలను బకెట్లో వేయబోతుంటే బాపు లేచి వాకిట్లోకి పోయాడు. చూడలేకపోయాడు.

గంజి దిగడానికి రెండు నీళ్లు పట్టింది. ఆరాక అమ్మ పేరు వేశాను: లీలమ్మ. మళ్లీ ఉతికితే లీలమ్మ ఎక్కడికీ పోలేదు. అమ్మ దాన్ని తల మీద వేసుకుని వాకిట్లో ఉన్న బాపు ముందు నుంచి రెండుసార్లు ఊరికే నడిచింది. బాపు చూడలేదు. చూశాడు.

21 మార్చి

ఇది కొంచెం పెద్దగా రాయాలి.

చట్రం, రంగులు, రబ్బరు పలక, బ్లేడు, కాగితాలు, మా ఇంటి బొగ్గుల ఇస్త్రీపెట్టె మూట కట్టుకుని హుజూర్‌నగర్ బస్సు ఎక్కాను. ఇస్త్రీపెట్టెకు కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు. నన్ను చాకలి అనుకుని తన చొక్కా సంగతి మాట్లాడాడు. దేశాటన చేసే కళాకారులకు ఇవి తప్పవు.

జానయ్య గారి వాకిట్లో ఊరు ఊరంతా ఉంది. నేను ఓడిపోవడం చూడడానికి వచ్చిన ముఖాలు. అరుగు మీద గోనెసంచి పరిచి, తువ్వాల పరిచి, కాగితం కోయడం మొదలుపెట్టాను.

"పోరగా, నీ పేరేందన్నవ్?" అన్నాడు జానయ్య గారు.

"సైదులు."

"మొక్కు పేరా?"

"జాన్‌పహాడ్ దర్గా మొక్కే. అమ్మకు పిల్లలు నిలువకుంటె."

"నాది గూడ గదే మొక్కు." ఆయన నన్ను కొత్తగా చూశాడు. "ఒక్క దర్గా మొక్కుకు వుట్టి, నా పేరు కడిగినవా?"

రంగు లాగాను. జానయ్య అని దిగింది. ఈసారి వియ్యంకుడు ఊళ్లో లేడు కాబట్టి అక్షరాలు లావుగానూ పొడుగ్గానూ కూడా కోశాను. ఎండలో ఆరనిచ్చి, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి, పైన కాగితం వేసి, రంగు బట్టలోకి ఇంకేదాకా వేడి పట్టాను.

"ఇగ ఉతుకున్రి" అన్నాను.

జానయ్య గారి భార్య బిక్షమ్మ లేచి కొంగు బిగించింది. మా ఇంట్లో ఉతకడం వేరు, ఆమె ఉతకడం వేరు. సబ్బు పెట్టింది, ముంచింది, బండకేసి కొట్టింది. ఒక్కొక్క దెబ్బకూ ఒక్కొక్క మాట. "సన్నంచని మూడేండ్లు సంపినవ్." దెబ్బ. "పేరు వొయిందని పదిరోజులు అన్నం తిననియ్యకపోతివి." దెబ్బ. "గీ తువ్వాల లేకుంటె లేవా నువ్వు?" దెబ్బ. ఆ తువ్వాలలో జానయ్య గారు ఉన్నాడని ఆమెకు బాగా తెలుసు. నేను ఆకాశం వైపు చూశాను. ఒక గద్ద తిరుగుతోంది. దానికి భీవండి దారి తెలుసేమో అనుకున్నాను.

బిక్షమ్మ పిండి, దులిపి, జానయ్య గారి మొహం మీదే విసిరింది.

ఆయన విప్పాడు. చదువు వచ్చినవాడే. అయినా వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తడుముకున్నాడు.

"ఉన్న" అన్నాడు. తర్వాత ఊరి వైపు తిరిగి గట్టిగా: "ఉన్న!"

తడి తువ్వాలే భుజాన వేసుకున్నాడు. లోపలికి పిలిచి నాకు అన్నం పెట్టారు.

నేను చెయ్యి కడుక్కునేసరికి బీరప్ప అనే ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. "తమ్మీ, తువ్వాలలేనా, సంచుల మీద గూడ ఏస్తవా? రైసు మిల్లుల నా వడ్ల సంచులు పక్కోనియైతున్నయి, వాని పొట్టు సంచులు నాయైతున్నయి. నా పేరుంటె నాయి నాకు వస్తయి. పది రోజులల్ల కోతలు."

"సంచి పాతదేనా?"

"ఎన్ని వానలు సూసిందో దానికే ఎరుక."

గంజి లేని బట్ట! బీరప్ప సంచుల మీద వేశాను. వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. వడ్లు ఆరబోసే పరదాల మీద వేయమన్నారు. ఎవరిది వాళ్లకు కావాలి, ఎవరి పేరు వాళ్లది కావాలి. పెద్ద ప్రెస్సు ఈ వాకిట్లోకి రాదు. ఒక పిల్లగాడిలాంటి ముసలాయన అడిగాడు: "మా బర్రె మీద ఏస్తవా?"

"ఉతికి ఆరబెట్టి తోలుకరా తాతా. ఏస్త."

తిరుగు బస్సులో ఇస్త్రీపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది.

2 ఏప్రిల్

ఇంటింటికీ తిరగడమే. పెళ్లివాళ్లవి అన్నీ అయిపోయాయి. వియ్యంకుడిది కూడా పూర్తిగా వేశాను, పొడుగ్గా. వెంకటనర్సు గారు బోర్డు పీకలేదు. పైగా ఒక మేకు వదులైందని తనే కొట్టి వెళ్లాడు. సంచుల వాళ్లు కట్టంగూర్ నుంచి కూడా వస్తున్నారు. వచ్చిన వాళ్లు పోయినేడు ఎన్ని సంచులు పోగొట్టుకున్నారో చెప్పి మరీ వేయించుకుంటున్నారు.

నేను ఊళ్లలో ఉంటే మల్గి మూసి ఉంటుంది. గిరాకీలకు బేగమమ్మే జవాబు చెబుతోంది: "దుకాణం ఊరికి వొయింది. మాపటికి వస్తది. గోడ దిక్కు పోకున్రి, రేకు సదువున్రి."

10 ఏప్రిల్

రాములు బావ దిగాడు. కొత్త చొక్కా, కళ్లకు నల్లద్దాలు, జేబులో తిరుగు టికెట్లు, ఒకటి ఎక్కువ. రేపే ఉగాది, ఎల్లుండి పొద్దున బస్సు.

"గడియారం కాడ దిగి నీ దుకాణం సూసే వొచ్చిన. తాళమున్నది. నయమైంది బామ్మర్దీ, నీకే అర్థమైంది."

"దుకాణం తిరుగుతున్నది బావా."

"తిరిగేది ఫ్యాన్ బిడ్డా. దుకాణం గాదు." అమ్మ పెట్టిన అరిసె కొరుకుతూ బాపు వైపు తిరిగాడు. "మామా, సంచుల మీద పేర్లు రాసుడు గూడ ఒక పనేనా? బి.కాం. జదివినోడు ఇస్త్రీపెట్టె వట్టుకొని ఊర్లు తిరుగుడా? ఉగాది దాక అన్నవ్. రేపు ఉగాదే. మాట నీది."

బాపు ఏమీ అనలేదు. బాపు ఏమీ అనకపోతే ఎటైనా అనుకోవచ్చు. నేను ఎటూ అనుకోకుండా పడుకోబోతున్నాను. నా బట్టల సంచి గోడకు ఉంది. అమ్మ సర్దిందో, ఎప్పటి నుంచీ అలాగే నిండుగా ఉందో అడగలేదు.

11 ఏప్రిల్, ఉగాది

పొద్దున పచ్చడి తిని దుకాణానికి వచ్చాను. పండుగనాడు గిరాకీ ఉండదు. అయినా తెరిచాను. బావ చూసినప్పుడు తాళం ఉంది కదా, ఇవాళ ఉండకూడదు.

పది దాటాక సందులో బాపు కనిపించాడు. బోర్డు దగ్గర ఆగలేదు. మల్గి లోపలికి వచ్చాడు, మొదటిసారి. చట్రం చూశాడు, డబ్బాలు చూశాడు, చంకలో ఉన్న తువ్వాల తీసి బల్ల మీద పెట్టాడు.

కొత్తది. నేను ఊళ్లు తిరిగే వేళల్లో రెండో మగ్గం మళ్లీ ఆడినట్టుంది. నిండు ఎర్రంచు. కాని నిలబడలేదు. బల్ల మీద మెత్తగా వాలిపోయింది. ముట్టుకున్నాను. గంజి లేదు. అంచు ఇంకా కొంచెం తడిగా ఉంది.

"ఎవలు తడిపిన్రు?"

"నేనే. రెండు నీళ్లు వట్టింది" అన్నాడు బాపు, గోడ వైపు చూస్తూ. "మూడో నీళ్లు గూడ పెట్టిన, ఎందుకైన మంచిదని."

నేను కాగితం తీశాను. బ్లేడు తీశాను.

"ఏం పేరు బాపూ?"

"మీ బావది. రేపు పొద్దుగాల బస్సెక్కుతడు గదా, మర్యాద."

"ఒక్కటేనా?"

బాపు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఒక్కటే. ఒక్కడే గద పోయేది."